మా చిన్న పేరెంట్స్ గ్రూపు ఫెడరేషన్‌లో చేరాలా? చేరితే మా పిల్లలకు ఒరిగేదేంటి?

అమ్మా, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇది. నాచారం, హబ్సిగూడ, తార్నాక వైపు మేధో వైకల్యం ఉన్న పిల్లల కుటుంబాలు పద్నాలుగు కలిసి వాట్సాప్ గ్రూపుగా మొదలయ్యారు. ఇప్పుడు నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో కూర్చుంటున్నారు. మీ అబ్బాయికి 19 ఏళ్లు. ఒక ఫెడరేషన్ (ఇలాంటి సంఘాలన్నీ కలిసిన సమాఖ్య) వాళ్లు మిమ్మల్ని సభ్య సంఘంగా చేరమంటున్నారు. మీలో సగం మంది "సభలు, శాలువాలు తప్ప వాళ్ల వల్ల మనకేం జరుగుతుంది, కలెక్టరేట్ చుట్టూ తిరిగేది మనమే కదా" అంటున్నారు.

నా జవాబు: చేరండి. కానీ మీ అబ్బాయి వైకల్య సర్టిఫికెట్టో, బ్యాంకు ఖాతానో వాళ్లు చేసిపెడతారని మాత్రం చేరకండి. ఆ పని ఎప్పటికీ మీదే. ఫెడరేషన్ పని రూలు మార్పించడం, ఉన్న రూలును అమలు చేయించడం. ఏ రూలు ఎక్కడ గుచ్చుకుంటోందో వాళ్లకు తెలిసేది మీలాంటి చిన్న గ్రూపులు కాగితం మీద రాసి పంపినప్పుడే. చేరేముందు ఒక్కటి చూసుకోండి. వాళ్ల సమావేశాల్లో మన పిల్లలు కుర్చీల్లో కూర్చుని మాట్లాడుతున్నారా, లేక అతిథులకు పూలగుత్తులు అందించడానికి నిలబడి ఉన్నారా?

నేను చెప్పేదంతా నా అనుభవంలోంచి వస్తుంది కాబట్టి నా గురించి రెండు మాటలు. మా అమ్మాయికి 34 ఏళ్లు. మేధో వైకల్యం, సర్టిఫికెట్ మీద 75 శాతం అని ఉంటుంది. బోయిన్‌పల్లి దగ్గర ఉంటాం. ఇరవై రెండేళ్లుగా తల్లిదండ్రుల సంఘంలో పనిచేస్తున్నాను. మధ్యలో ఒక విడత ఒక జిల్లా లోకల్ లెవల్ కమిటీలో, అంటే మనవాళ్లకు గార్డియన్‌ను (చట్టపరమైన సంరక్షకులను) నియమించే కమిటీలో, స్వచ్ఛంద సంస్థల తరఫు సభ్యురాలిగా ఉన్నాను. అర్జీ పట్టుకుని నిలబడినదాన్నీ నేనే, అర్జీలు విన్నదాన్నీ నేనే.

ముందు ఒక మాట దగ్గర ఆగుదాం. మీరు "లెర్నింగ్ డిజెబిలిటీ" అని రాశారు. బ్రిటన్‌లో ఆ మాటకు అర్థం మేధో వైకల్యమే. మన దగ్గర మాత్రం ఆ మాట అనగానే అధికారికి గుర్తొచ్చేది డిస్లెక్సియా లాంటి చదువు ఇబ్బందులు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఈ రెండూ వేర్వేరు. ఈ తేడా పట్టించుకోకపోతే నష్టం మనకే. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకే వర్తిస్తుంది. నిరామయ ఆరోగ్య బీమా, లోకల్ లెవల్ కమిటీ ఇచ్చే గార్డియన్‌షిప్ ఆ చట్టం కిందివే. ఫారంలో "లెర్నింగ్ డిజెబిలిటీ" అని రాసి, ఆనక తిరస్కరించారని ఏడ్చిన తల్లిని నేను చూశాను. అలాగే మానసిక రోగంతోనూ కలపనివ్వకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం మన పిల్లల స్థితి మానసిక రోగం కిందికి రాదని స్పష్టంగా చెప్పింది. మీ గ్రూపు లెటర్‌హెడ్ వేయించుకుంటే "మేధో వైకల్యం" అనే వేయించండి. "మందబుద్ధి", "బుద్ధిమాంద్యం" అనే మాటలు మా తరంతో పోవాలి.

ఇక ఫెడరేషన్ల వల్ల నిజంగా ఏం జరిగింది?

దేశంలోని తల్లిదండ్రుల సంఘాలు కలిసి 1995లో "పరివార్" అనే జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. అది పుట్టడంలో మన సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ చేయూత ఉంది. ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నామే, అదే. 1984లో మొదలైన ఆ సంస్థ పేరులో చాలాకాలం "మెంటల్లీ హ్యాండీక్యాప్డ్" అని ఉండేది. అదే 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అందులో ఏడు వైకల్యాలు గుర్తించారు, మన పిల్లలదీ వాటిలో ఉంది. కానీ ఉద్యోగాల్లో ఇచ్చిన 3 శాతం చూపు, వినికిడి, కదలిక వైకల్యాలకే పోయింది. చట్టంలో మన పేరు ఉంది, వాటా లేదు. 2016 చట్టంలో వైకల్యాలు 21 అయ్యాయి, రిజర్వేషన్ 4 శాతం అయింది. అందులో ఒక శాతం ఆటిజం, మేధో వైకల్యం, స్పెసిఫిక్ లెర్నింగ్ డిజెబిలిటీ, మానసిక రోగం, బహుళ వైకల్యం అన్నింటికీ కలిపి ఇచ్చారు. పిడికెడు అన్నం అయిదుగురికి పంచినట్టే. పైగా రాతపరీక్ష అడ్డం ఉండనే ఉంది. అయినా ఆ వరసలో మన పిల్లల పేరు చేరడం ఏ ఒక్క కుటుంబం అర్జీతోనూ జరిగేది కాదు. ఇరవై ఏళ్లపాటు సంఘాలు కలిసి అడిగితే వచ్చింది.

ఆ 1999 చట్టం కింద ఏర్పడిన నేషనల్ ట్రస్ట్ బోర్డు కూర్పు చూడండి. రిజిస్టరైన సంస్థల నుంచి తొమ్మిది మంది వరకు ఉండొచ్చు. స్వచ్ఛంద సంస్థల వాళ్లు ముగ్గురు, తల్లిదండ్రుల సంఘాల వాళ్లు ముగ్గురు, వైకల్యం ఉన్నవాళ్ల సంఘాల నుంచి ముగ్గురు. అంటే మనకు కుర్చీ వేయాలని చట్టమే చెబుతోంది. ఆ కుర్చీలో కూర్చోవాలంటే సంఘంగా ఉండాలి. విడి తల్లిగా ఎంత గొంతు చించుకున్నా ఆ గదిలోకి పిలుపు రాదు.

కలిసి ఉంటే చెడును ఆపడం కూడా కుదురుతుంది. 2020 జులైలో, లాక్‌డౌన్ బాధల మధ్య, వికలాంగుల హక్కుల చట్టంలోని శిక్షల సెక్షన్లను సడలించాలని కేంద్రం ఒక ప్రతిపాదన తెచ్చింది. అభిప్రాయాలు చెప్పడానికి ఇచ్చిన గడువు పట్టుమని పది రోజులు. మన పిల్లల్ని నలుగురిలో కావాలని అవమానించినవాళ్లకు, బెదిరించినవాళ్లకు శిక్ష చెప్పే 92(ఎ) సెక్షన్ కూడా ఆ జాబితాలో ఉంది. దేశమంతటా వంద పైచిలుకు సంస్థలు ఆ కొద్ది రోజుల్లోనే ఒక్క గొంతుతో వద్దన్నాయి. ప్రతిపాదన ఆగిపోయింది. ఆ వారం మా సంఘంలో రాత్రిళ్లు కూర్చుని ఉత్తరాలు తయారుచేశాం. మాకు ఆ ప్రతిపాదన గురించి తెలిసిందే ఫెడరేషన్ పంపిన మెసేజ్ వల్ల. అది లేకపోతే గడువు దాటాక పేపర్లో చదువుకునేవాళ్లం.

బయటి ఉదాహరణ ఒకటి చెప్తాను, పని ఎలా చేయాలో నేను నేర్చుకున్నది దాన్నుంచే. బ్రిటన్‌లో మెన్‌క్యాప్ అనే పెద్ద సంస్థ ఉంది. 1946లో జూడీ ఫ్రైడ్ అనే ఒక తల్లి మొదలుపెట్టింది. 2007లో వాళ్లు ఒక నివేదిక బయటపెట్టారు. అందులో పెద్ద పెద్ద లెక్కలేమీ లేవు. ప్రభుత్వ ఆసుపత్రుల వైద్యంలో ఉండగా చనిపోయిన ఆరుగురు మనుషుల కథలు, ఆరు కుటుంబాలు చెప్పినవి. నొప్పి అని నోటితో చెప్పలేకపోతే డాక్టర్లు ఎలా వదిలేశారో తారీఖులతో సహా రాశారు. దాంతో ప్రభుత్వం విచారణ వేయాల్సి వచ్చింది, మరుసటి ఏడాదే నివేదిక వచ్చింది. ఆరు కుటుంబాలమ్మా! మీరు పద్నాలుగు ఉన్నారు.

ఇప్పుడు నా సొంత అనుభవాలు. మొదటిది బ్యాంకుది.

మా అమ్మాయి పేరున ఖాతా తెరవడానికి పోతే ఒక బ్యాంకు మేనేజరు కోర్టు నుంచి గార్డియన్ ఆర్డర్ తెమ్మన్నాడు. లోకల్ లెవల్ కమిటీ ఇచ్చిన సర్టిఫికెట్ చూపించాను. కలెక్టర్ అధ్యక్షతన ఉన్న కమిటీ చట్టప్రకారం ఇచ్చిన కాగితం అది. "ఇది మాకు చెల్లదు" అన్నాడు. ఆ సర్టిఫికెట్ మీద ఆధారపడవచ్చని రిజర్వ్ బ్యాంకు ఎప్పుడో బ్యాంకులకు రాసింది. ఆయనకు తెలియదు, అప్పటికి నాకూ తెలియదు. మూడు నెలలు తిరిగాను. మా సంఘంలో చెప్తే ఇంకో నలుగురు "మాకూ అదే" అన్నారు. అయిదు బ్రాంచిలు, అయిదు తారీఖులు, ఎవరు ఏమన్నారో ఒక్కో పేజీ. ఆ అయిదు పేజీలూ ఫెడరేషన్‌కి ఇచ్చాం. వాళ్లు రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ జతచేసి బ్యాంకుల పై ఆఫీసులకు రాశారు. ఏడు నెలల తర్వాత బ్రాంచికి కబురు వచ్చింది. నా ఖాతా అయితే ఆ లోపే నేను వేరే బ్యాంకులో తెరిచేసుకున్నాను. కానీ తర్వాత వెళ్లిన తల్లులెవరికీ ఆ బ్రాంచిలో కోర్టు ఆర్డర్ తెమ్మన్న మాట వినాల్సి రాలేదు. ఫెడరేషన్ పని నడిచే తీరు ఇది. మీ కష్టానికి ఫలితం చాలాసార్లు మీ తర్వాత వచ్చేవాళ్లకు దక్కుతుంది. ఇది ముందే ఒప్పుకుని చేరితే మనసు విరగదు.

రెండోది మేం నష్టపోయింది. ఒక డిసెంబర్ 3న, వికలాంగుల దినోత్సవం సభలో, మా వినతిపత్రాన్ని వేదిక మీద పెద్దాయన చేతికి ఇచ్చాం. సర్టిఫికెట్ క్యాంపుల్లో మన పిల్లల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా క్యూలో కూర్చోబెట్టొద్దు, వాళ్లకి వేరే సమయం ఇవ్వండి అని అడిగాం. చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. ఆరు నెలల తర్వాత ఆఫీసుకి వెళ్తే అలాంటి కాగితమే రాలేదన్నారు. వేదిక మీద ఇచ్చిన కాగితానికి ఇన్‌వర్డ్ నంబర్, అంటే కాగితం అందినట్టు ఆఫీసు రిజిస్టర్‌లో వేసే నంబర్, ఉండదు కదా. నంబర్ లేని కాగితం ఆఫీసు లెక్కలో పుట్టనట్టే. ఆ ఏడాది క్యాంపులో ఎండకు ఒక బాబుకి ఫిట్స్ వచ్చాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. అప్పటి నుంచి మా సంఘం నియమం ఒకటే: సభలో ఇస్తే ఇవ్వండి, కానీ అదే కాగితం మర్నాడు ఆఫీసులో ఇచ్చి నంబర్ వేయించుకోండి. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇచ్చినా రసీదు తీసుకోండి.

ఇక ఫెడరేషన్లలో ఎవరూ గట్టిగా మాట్లాడని విషయం గార్డియన్‌షిప్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు చెప్పాలి, ఎందుకంటే మీ అబ్బాయికి 19. పద్దెనిమిది నిండగానే చట్టం దృష్టిలో మీరు ఆయనకు సహజ సంరక్షకులు కారు. ఎవరో ఒకరు మీకు "వెంటనే గార్డియన్‌షిప్ తీసుకోండి" అనే ఉంటారు.

ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందాన్ని మన దేశం 2007లో ఆమోదించింది. దాని 12వ అధికరణం చెప్పేదేంటంటే, వైకల్యం ఉన్న ప్రతి మనిషికీ అందరితో సమానంగా చట్టపరమైన సామర్థ్యం ఉంది, నిర్ణయం తీసుకోవడానికి సాయం కావాలంటే సాయం ఇవ్వాలి, నిర్ణయాన్నే లాక్కోకూడదు. ఈ ఆలోచనను మన చట్టంలోకి తేవడానికి పనిచేసినవాళ్లలో మన శామీర్‌పేట నల్సార్ లా యూనివర్సిటీ వాళ్లున్నారు. అక్కడ పనిచేసిన ప్రొఫెసర్ అమితా ధండా గారి పేరు ఈ రంగంలో తెలియనివాళ్లుండరు. 2011లో తయారైన కొత్త చట్టం ముసాయిదా ఆ దారిలోనే రాశారు. అప్పుడు తల్లిదండ్రుల సంఘాల్లో పెద్ద గొడవ జరిగింది. "మా పిల్లాడికి పది రూపాయలకీ వంద రూపాయలకీ తేడా తెలియదు, రేపు ఎవడో వేలిముద్ర వేయించుకుని ఇల్లు రాయించుకుంటే?" అని. ఆ భయం అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. చివరికి 2016 చట్టంలో 13వ సెక్షన్ చట్టపరమైన సామర్థ్యం ఉందంటుంది, 14వ సెక్షన్ పరిమిత గార్డియన్‌షిప్ అంటుంది. అంటే ఒక నిర్దిష్ట విషయానికి, ఒక నిర్దిష్ట కాలానికి, గార్డియన్, ఆ వ్యక్తి ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవడం. పక్కనే 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం గార్డియన్‌షిప్ కూడా మారకుండా పాత పద్ధతిలోనే నడుస్తోంది. రెండు చట్టాలు రెండు మాటలు చెబుతుంటే ఫెడరేషన్లు ఏ వైపూ తెగేసి చెప్పలేక నలుగుతున్నాయి.

నా అభిప్రాయం మారింది కమిటీలో కూర్చున్నాకే. ఒకరోజు నలభై దాటిన ఒకావిడను ఆమె అన్న తీసుకొచ్చాడు. గార్డియన్‌గా తనను వేయమని అర్జీ. ఇంట్లో ఆమెకు వాటా ఉంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ఇంకో పది నిమిషాల్లో సంతకాలు అయిపోయేవి. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. నేను ఆమె పక్కకు వెళ్లి కూర్చుని, ఎవరింట్లో ఉంటావమ్మా అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పిన్ని దగ్గర. పిన్ని అన్నం పెడుతది, కొట్టదు" అంది. ఆ రోజు అర్జీ ఆపాం. వచ్చే సిట్టింగ్‌కు పిన్నిని పిలిపించాం. చివరికి పిన్నినే గార్డియన్‌గా వేశారు. చట్టం ప్రకారం గార్డియన్ ఆరు నెలల్లో ఆస్తి జాబితా ఇవ్వాలి, ఏటా లెక్క చెప్పాలి. ఆ లెక్కలు అడిగి మరీ తెప్పించుకోవాలని అప్పుడే రాయించాం. నన్ను కలచివేసింది ఏంటంటే, అంతకుముందు ఎన్ని అర్జీలకు నేను అడగకుండానే తల ఊపానో.

అందుకని మీకు నా సలహా: గార్డియన్‌షిప్ అవసరం పడినప్పుడు తీసుకోండి, పద్దెనిమిది నిండాయని కాదు. ఆస్తి వ్యవహారమో, మరో మార్గం లేని బ్యాంకు పనో ఉంటే సరే. లేకపోతే ఆగండి. అబ్బాయి సంతకం నేర్చుకుంటున్నాడేమో చూడండి. ఇది తల్లిగా ఒప్పుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. సుప్రీంకోర్టు 2009లో ఒక కేసులో, మేధో వైకల్యం ఉన్న యువతి గర్భం విషయంలో ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయించకూడదని చెప్పింది. ఆ తీర్పు మా సంఘంలో చదివినప్పుడు సగం మంది తల్లులు కోపగించుకున్నారు. తర్వాత రెండు మూడు నెలలు దాని గురించే మాట్లాడుకున్నాం. మా అమ్మాయిని డాక్టరు దగ్గర "నీకు సూది వేయొచ్చా" అని అడగడం నేను అప్పటి నుంచే మొదలుపెట్టాను.

మన పిల్లలు మాట్లాడటం గురించి ఇంకో సంగతి. మా అమ్మాయి ఒక వృత్తి శిక్షణ కేంద్రంలో కాగితపు కవర్లు చేసేది. నెలకు కొంత స్టైపెండ్ ఇచ్చేవాళ్లు. కవరులో పెట్టి నా చేతికిచ్చేవాళ్లు, నేను బ్యాగులో వేసుకునేదాన్ని. పదేళ్లు అలాగే సాగింది. ఒకసారి ఫెడరేషన్ వాళ్లు ఒక అధికారితో సమావేశం పెట్టి, పిల్లల్ని కూడా తీసుకురమ్మన్నారు. ఆయన మర్యాదగానే నన్ను అడిగాడు, అమ్మాయికి ఏం కావాలని. నేను పెన్షన్ గురించి మొదలుపెట్టబోయాను. తను నా చేయి పట్టుకుని ఆపి, "కవర్లు నేను చేస్తా. పైసలు అమ్మకిస్తరు. నాకియ్యాలె" అంది. ఆయన నా వైపు చూశాడు, నేను వివరిస్తానని. నేను వివరించలేదు. తను మళ్లీ అదే మాట అంది.

ఆ నెల నుంచి కేంద్రం వాళ్లు డబ్బు తన చేతికే ఇచ్చారు. ఫెడరేషన్ తన సభ్య సంస్థలన్నింటికీ అదే పద్ధతి పాటించమని రాసింది. నేను పదేళ్లలో రాసిన వినతిపత్రాల్లో ఈ డిమాండ్ ఒక్కసారి కూడా లేదు, ఎందుకంటే అది నా కష్టం కాదు, తనది. తల్లిదండ్రుల గొంతు వేరు, పిల్లల గొంతు వేరు. రెండూ కావాలి, ఒకటి ఇంకోదానికి బదులు కాదు. మన పిల్లల తరఫున మనం వకాల్తా పుచ్చుకున్నామంటే వాళ్లకు చెప్పుకునేది లేదని కాదు. మాట రాని పిల్లలు కూడా బొమ్మ చూపించి, తల తిప్పి, లేచి వెళ్లిపోయి చెబుతారు. దాన్ని కూడా మినిట్స్‌లో రాయాలి.

మీకు కబురు పంపిన ఫెడరేషన్ మంచిదో కాదో నేను దూరం నుంచి చెప్పలేను. కానీ చేరేముందు వెళ్లి కూర్చుని అడగండి. కార్యవర్గంలో తల్లిదండ్రులెంతమంది, హాస్టళ్లూ స్కూళ్లూ నడిపే సంస్థల వాళ్లెంతమంది? సంస్థలు నడిపేవాళ్లు చెడ్డవాళ్లని కాదు, వాళ్లలో దేవుళ్లలాంటివాళ్లు ఉన్నారు. కానీ హాస్టల్‌లో పిల్లాడికి దెబ్బలు తగిలాయన్న ఫిర్యాదు వస్తే, హాస్టల్ నడిపేవాళ్లే నిండిన కార్యవర్గం దాన్ని ఎలా వింటుంది? డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో కూడా అడగండి. మొత్తం ఒకే ప్రభుత్వ గ్రాంటు మీద నడిచే సమాఖ్య ఆ శాఖ మీద గట్టిగా రాయడానికి తటపటాయిస్తుంది, ఇది నేను కళ్లారా చూశాను. గత ఏడాది రాసిన ఉత్తరాలు, వాటికొచ్చిన జవాబులు చూపించమనండి. నిజంగా పనిచేసేవాళ్లు ఆ ఫైలు సంతోషంగా తెచ్చి ముందు పెడతారు. కార్యవర్గంలో మేధో వైకల్యం ఉన్నవాళ్లు కనీసం ఇద్దరున్నారా, వాళ్లకి అజెండా తేలిక మాటల్లో, బొమ్మలతో ముందే ఇస్తున్నారా అనేది ఆఖరున అడగండి, కానీ జవాబుకు అన్నింటికంటే ఎక్కువ బరువివ్వండి.

చేరడానికి మీ గ్రూపు సొసైటీగా రిజిస్టర్ కావాలి. ఏడుగురు సభ్యులుంటే చాలు, కాబట్టి మీకు ఇబ్బంది లేదు. తర్వాత నేషనల్ ట్రస్ట్ కింద కూడా నమోదు చేసుకుంటే మీవాళ్ల నిరామయ అర్జీలు పంపడానికి ఇంకొకరి గడప తొక్కనక్కర్లేదు. ఆ బీమా ఏటా లక్ష రూపాయల వరకు ఇస్తుంది, ముందస్తు వైద్య పరీక్షలు అడగదు.

ఫెడరేషన్‌కి కేసు రాసి పంపేటప్పుడు ఒక్క పేజీ దాటనివ్వకండి. ఏ తారీఖున, ఎలాంటి ఆఫీసులో, ఏ కాగితం అడిగారు, చట్టంలో ఏముంది, దానివల్ల పిల్లవాడికి ఏం పోయింది. ఇంతే. మన బాధంతా రాయాలనిపిస్తుంది, పుట్టిన రోజు నుంచి. అది రాస్తే అసలు విషయం పదో పేరాలో ఉండిపోతుంది, అక్కడిదాకా ఎవరూ చదవరు. మాటను మాటగా రాయండి: "తిరస్కరించారు" అని కాకుండా "మీ పిల్లాడిని తీసుకుని బయట నిలబడండి అన్నారు" అని. రాష్ట్ర వికలాంగుల కమిషనర్‌కి ఫిర్యాదు వేసినా ఈ పేజీయే పనికొస్తుంది. కమిషనర్ ఏ శాఖకైనా సిఫారసు చేస్తే ఆ శాఖ మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పాలని చట్టంలో ఉంది. ఆ గడువును డైరీలో రాసుకుని గుర్తుచేయడం మీ పని.

కోర్టుల గురించి మీ గ్రూపులో ఎవరో అడిగారని రాశారు. కోర్టులో ఓడినా రూలు మారిన సందర్భం ఒకటుంది. పిల్లల పేరిట కట్టే బీమాకు పన్ను రాయితీ ఇచ్చే 80డీడీ సెక్షన్‌లో, తల్లిదండ్రులు పోయాకే పిల్లలకు డబ్బు అందాలనే షరతు ఉండేది. బతికుండగా అవసరమైతే ఎలా అని ఒక తండ్రి సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 2019 జనవరిలో కోర్టు ఆ షరతును కొట్టెయ్యలేదు, కానీ ప్రభుత్వం ఆలోచించాలని చెప్పింది. 2022లో చట్టం సవరించారు, తల్లికో తండ్రికో 60 నిండాక కూడా డబ్బు అందేలా. కేసు ఒకరు వేసినా, తీర్పు తర్వాత ఊరుకోకుండా అడుగుతూ ఉండాలి. ఆ రెండో పనికి సంఘాలు కావాలి. ఇంతకు మించి కోర్టుల గురించి చెప్పేంత అనుభవం నాకు లేదు.

ఒక పని మాత్రం ఫెడరేషన్‌తో సంబంధం లేకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. 2011 జనగణనలో దేశంలో వైకల్యం ఉన్నవాళ్లు 2.68 కోట్లని తేలింది. అందులో మన పిల్లలు 15 లక్షలు. 2001లో అయితే మనవాళ్లనూ మానసిక రోగులనూ ఒకే గడిలో వేశారు, విడి గడి 2011లోనే వచ్చింది. ఇప్పుడు 2027 జనగణన. మన వీధుల్లో ఎన్యూమరేటర్ వచ్చినప్పుడు నామోషీకి "ఏమీ లేదు" అని చెప్పే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దాచిన ప్రతి పిల్లాడూ లెక్కలోంచి పోతాడు, ఆ లెక్క చూపించే కదా రేపు ఏ ఫెడరేషన్ అయినా అడగాల్సింది. మీ పద్నాలుగు కుటుంబాలూ తలా పది గడపలు తిరిగి చెప్పండి.

మొదటి సమావేశానికి వెళ్లేటప్పుడు అబ్బాయిని వెంట తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్తున్నామో, అక్కడ ఏం మాట్లాడతారో ముందు రోజే రెండు మాటల్లో చెప్పండి. పేరు అడిగితే మీరు చెప్పకండి, ఎంత ఆలస్యమైనా ఆయన్నే చెప్పనివ్వండి. అక్కడివాళ్లు ఆ కాసేపు ఓపిగ్గా ఆగారో లేదో వచ్చి ఇక్కడ రాయండి. సొసైటీ బైలాస్ నమూనా కావాలంటే అడగండి, మా సంఘంది పంపిస్తాను.